దోమ పాట దగ్గర దించిన నీళ్లు

రండి, ఇలా దగ్గరికి జరగండి. ఆ గుమ్మం దగ్గర నిలబడితే వినపడదు, నా గొంతు ఈమధ్య కుండలోంచి వస్తున్నట్టుంటోంది. పోయిన వారం రానివాళ్ల కోసం ముందు నాలుగు ముక్కలు చెప్పేస్తాను. విన్నవాళ్లు ఆ కాసేపు కాళ్లు చాపుకోండి.

మాది టీ కొట్టు. కింద కొట్టు, పైన ఆకు ఆరబెట్టే గది, దాని పక్కన నాన్న పడుకునే గది. మేం అమ్మేది తెల్ల టీ ఒక్కటే. అమ్మ మా చిన్నప్పుడే పోయింది. నాన్నకి మేం ఇద్దరం ఆడపిల్లలం. అక్క పైన ఆకు చూసుకునేది, నేను కింద కెటిల్ దగ్గర కూర్చునేదాన్ని. నాకు పదహారేళ్లప్పుడు, ఆ ఏడాది మొదటి కోత, పన్నెండు తట్టల టీ మొగ్గ ఎర్రబడి పాడైంది. పాడుచేసింది నేను. "నేనే" అన్నది అక్క. "ఈ ఆరబెట్టే గదిలో ఇంక అడుగు పెట్టకు" అన్నాడు నాన్న. అక్క గదిలోంచి కాదు, ఇంట్లోంచే వెళ్లిపోయింది. నాన్న ఆరబెట్టే గది కిటికీకి మేకులు కొట్టేసి, ఆ రోజు నుంచి బయటి ఆకు కొని అమ్మడం మొదలుపెట్టాడు. నేను నోరు విప్పలేదు. పదమూడేళ్లు విప్పలేదు.

ఇంక పోయిన వారం ఎక్కడ ఆపానంటారా? ఓ మధ్యాహ్నం భుజాన ఇంత సంచీ వేసుకుని, నలభై దాటిన ఒకావిడ కొట్లోకి వచ్చి, మూడు కాగితం పొట్లాలు బల్ల మీద పెట్టింది. "ఇవేంటో తాగి చెప్పు చూద్దాం" అంది. అక్కడ.

ఆవిడ పేరు నాకు తెలీదు, అందుకని సంచీ ఆవిడ అనే అంటాను.

"అమ్మడానికొచ్చారా?" అన్నాను.

"అమ్మడానికీ రాలేదు, కొనడానికీ రాలేదు. కాచి పెట్టు. నడిచి నడిచి పిక్కలు లాగేస్తున్నాయి."

"తెల్ల టీని కాయరండీ. వేడినీళ్లలో నానబెడతారు."

"సరే తల్లీ, నానబెట్టే పెట్టు. కూర్చోవచ్చా, లేక దానికీ పద్ధతుందా?"

కూర్చోమన్నాను. మొదటి పొట్లం విప్పాను. ఒట్టి మొగ్గలు. ఒక్కోటీ చిటికెన వేలి కణుపంత పొడుగు, ఒంటినిండా తెల్లటి నూగు, పిల్లిపిల్ల చెవి వెనక ఉంటుందే, అలాంటిది. మా కొట్లో దాన్ని వెండి మొగ్గ అంటాం. చెట్టు ఏడాదంతా దాచుకున్న బలమంతా మొదటి మొగ్గలో పెడుతుందట. ఆకు విచ్చుకోకముందే దాన్ని గిల్లాలి. వాన పడిన రోజు కోయకూడదు, మంచు ఆరకముందు కోయకూడదు. కోసింతర్వాత చేసేదేమీ లేదు. వేయించరు, నలపరు, నూరరు. తట్ట మీద పలచగా పరిచి గాలికి వదిలేస్తారు. రెండు రోజులో మూడు రోజులో గాలే దాని పని అది చేసుకుంటుంది. చివర్న సన్న సెగ చూపిస్తారు, అంతే. మనిషి చెయ్యాల్సిందల్లా కిటికీ ఎంత తెరవాలో తెలుసుకోవడం, తట్ట జోలికి వెళ్లకుండా ఉండడం. ముట్టుకుంటే నూగు రాలుతుంది, మొగ్గ కములుతుంది, కమిలిన చోట ఎర్రబడుతుంది. తెల్ల టీ చెయ్యడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం అనేది అక్క. నాకు అదే చేతకాలేదు.

పొట్లంలో మొగ్గలు చూసి నా మొహం దానంతటదే కిందికి వంగిపోయింది. అదొక పిచ్చి నాకు. ఈ పదమూడేళ్లలో ఏ కొండ మీద నుంచి ఏ బస్తా వచ్చినా, నాన్న చూడకముందు అందులో మొహం పెట్టి వాసన చూసేదాన్ని. అక్క ఎక్కడున్నా ఆకు ఆరబెట్టకుండా ఉండలేదు కదా, ఎప్పుడో ఒకప్పుడు అక్క చేతి ఆకు మా గుమ్మానికి రాకపోతుందా అని. ఏవేవో వాసనలు వచ్చేవి. పొగ, తడి గోనె, ఎవరివో తొందరపాట్లు. అక్క వాసన రాలేదు. ఆ రోజు మాత్రం ఎండిన గడ్డి, అప్పుడే కోసిన దోసకాయ, వీటి వెనకాల ఇంకేదో, ఉతికిన దుప్పటి దులిపినప్పుడు వచ్చేదాని లాంటిది. లేచి కెటిల్ పొయ్యి మీద పెట్టాను.

మా నాన్న నీళ్లని చెవితో కొలిచేవాడు. కెటిల్ మొదట దోమలా సన్నగా పాడుతుంది. ఆ దోమ నీళ్లు మొగ్గకి. ఇంకాస్త కాగితే తుమ్మెదలా ముక్కుతో మూలుగుతుంది. అవి మొగ్గతో పాటు రెండాకులున్న రకానికి. ఆ తర్వాత రేకుల కప్పు మీద వాన పడ్డట్టు గోల చేస్తుంది. ఆ వాన నీళ్లు ముదురాకుకి, పాత ఆకుకి. మొగ్గ మీద వాన నీళ్లు పోస్తే ఉడికిపోయి కూరాకు వాసన కొడుతుంది. ముదురాకు మీద దోమ నీళ్లు పోస్తే అది నిద్రే లేవదు. నాకు ఏ గడియారమూ అక్కర్లేదు, కెటిల్ గొంతు చాలు.

అక్కకి ఇది పట్టుబడలేదు. చిన్నప్పుడు జ్వరం వచ్చి ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది సగం పనిచేసేది. "నాకు దోమ వినపడదే, కుట్టాకే తెలుస్తుంది" అని నవ్వేది. అందుకని తనే ఒక ఉపాయం కనిపెట్టుకుంది. ముంజేయి వెల్లకిలా తిప్పి, మణికట్టు లోపలి వైపు కెటిల్ ముక్కుకి జానెడు పైన పెట్టేది. ఆవిరి చర్మానికి తగిలే తీరుని బట్టి నీళ్లు దించేది. నేను చెవితో, అది చేత్తో, ఇద్దరం ఒకే క్షణంలో "దించు" అనేవాళ్లం. నాన్న చూసి మొహం తిప్పుకునేవాడు, నవ్వు కనపడకూడదని.

కెటిల్ వేడెక్కుతోంది. దోమ ఇప్పుడో అప్పుడో అని నేను చెవి పెట్టి ఉన్నాను. సంచీ ఆవిడ బల్ల మీదుగా వంగి, ముంజేయి వెల్లకిలా తిప్పి, మణికట్టు కెటిల్ ముక్కు మీద పెట్టింది.

"దించెయ్యి" అంది. అప్పుడే దోమ పాడింది.

నేను దించలేదు. ఆవిడ మణికట్టు వంకే చూస్తున్నాను.

"దించవేం? ఉడికిపోవూ?" అని ఆవిడే గుడ్డ తీసుకుని దించింది.

"ఈ అలవాటు మీకెవరు నేర్పారండీ?"

"మా వదిన."

"ఏ వదిన?"

"నాకున్నది ఒకత్తే వదిన. మూడో పొట్లం తాగేదాకా నోరు విప్పొద్దని ఒట్టేయించుకుని పంపింది. నేను నోరు మూసుకుని కూర్చోవడం మా ఇంట్లో ఎవరూ నమ్మరు. తొందరగా కానియ్యి, ఊపిరాడట్లేదు."

గాజు గ్లాసులో రెండు చిటికెల మొగ్గ వేశాను. నీళ్లు మొగ్గ మీద పడకుండా గ్లాసు గోడ వెంబడి పోశాను. దీనికి మూత పెట్టకూడదు, ఊపిరాడక మగ్గిపోతుంది. మొగ్గలు ముందు పైన తేలాయి. తర్వాత ఒక్కోటీ నిటారుగా నిలబడి, కాసేపు ఆలోచించుకుని, మెల్లగా కిందికి దిగాయి. మెతక మనసు టీ ఇది. ఇంకో టీ అయితే ఈపాటికి నల్లబడి కూర్చునేది, ఇది అయిదారు నిమిషాలైనా లేత గడ్డి రంగు దాటదు. కొత్తవాళ్లు తాగి "ఇవి వేడినీళ్లే కదా" అంటారు. అలా అన్నవాళ్లని నాన్న మర్యాదగా తలుపు దాకా సాగనంపేవాడు.

సంచీ ఆవిడ తాగి, "నాకైతే ఇప్పటికీ వేడినీళ్లలాగే ఉంటుంది, మా వదినకి చెప్పకు" అంది.

నేను తాగాను. గొంతు దిగింతర్వాత తీపి. నోట్లో ఉన్నప్పుడు లేనిది, మింగాక వెనక్కి వచ్చే తీపి. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిరి వల్ల అని పైకి చెప్పాను.

రెండో పొట్లంలో మొగ్గా రెండాకులూ కలిసి ఉన్నాయి. ఆకు మొహం పచ్చన, వీపు వెండి రంగు. దీన్ని తుమ్మెద నీళ్లతో, చిన్న మూత గిన్నెలో పెట్టాను. మూత పూర్తిగా వెయ్యకుండా వేలెడు సందు వదిలాను. రెండు నిమిషాలకే పూల వాసన వచ్చింది. మొగ్గది మౌనం, దీనిది మాట. నాకు చిన్నప్పట్నుంచీ ఇదే ఇష్టం, అక్కకి మొగ్గ ఇష్టం. ఎవరి స్వభావం వాళ్లది. రెండోసారి నీళ్లు పోసి ఇంకో నిమిషం ఎక్కువ ఉంచాను. మొదటి దానికంటే బాగుంది. మూడోసారీ పోయచ్చు. సంచీ ఆవిడ మూడుసార్లూ తాగింది.

"ఇది టీ" అంది.

మూడో పొట్లం పాత కాగితంలో ఉంది, మడతల దగ్గర చిరుగులు పట్టిన కాగితం. విప్పాను. ముదురాకులు. గోధుమ రంగు తిరిగి, పెళుసుగా, చూడ్డానికి రాలిన ఆకుల్లా ఉన్నాయి. ముదురాకు అలాగే ఉంటుంది, దానికేం తప్పులేదు. కానీ అంచులు చూశాను. ఎరుపు. ఒక ఆకు కాదు, అన్నీ. ఆరుతున్నప్పుడు ఎవరో రెండు చేతులూ పెట్టి కిందిది పైకీ పైది కిందికీ కలియబెట్టారు. ఆ ఎరుపు నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? ఆ పన్నెండు తట్టల్నీ అలాగే కలియబెట్టాను నేను. రెండు రోజులుగా నిద్రలేని అక్క గోడకి ఆనుకుని కునుకు తీస్తుంటే, సాయం చేద్దామని. పైన ఆరినట్టుంది, కింద తడి ఉందేమో అని, గింజలు ఆరబోసినప్పుడు తిప్పినట్టు తిప్పాను. అక్క లేచి చూసి మెచ్చుకుంటుందనుకున్నాను. సాయంత్రానికి తట్టలన్నీ తుప్పు రంగుకి తిరిగాయి.

"ఇది దెబ్బతిన్న ఆకండీ" అన్నాను.

"ముందు పెట్టు."

దీన్ని నిజంగానే కాయాలి. చిన్న గిన్నెలో నీళ్లు వాన చప్పుడు వచ్చే దాకా మరిగించి, ఆకు వేసి, సెగ తగ్గించి, నాలుగు పొంగులు రానిచ్చాను. ఏళ్లు గడిచిన తెల్ల టీ ఒక్కటే ఇలా పొయ్యి మీద నిలబడగలదు. రంగు తేనెలా దిగింది. కప్పులో పోసి ఒక గుక్క తాగాను. ఖర్జూరం, పాత చెక్క పెట్టె, ఎక్కడో లోపల కాస్త పులుపు. ఆ పులుపు దెబ్బది. కానీ ఏళ్లు దాన్ని తీపిలో కలిపేశాయి. చెప్పకపోతే తప్పని తెలీదు.

"ఎంత పాతది ఇది?"

"పన్నెండేళ్లు. ఇంక ఒట్టు తీరింది, చెప్పేస్తున్నా." సంచీ ఆవిడ కప్పు కింద పెట్టింది. "మా వదిన ఏటా అన్ని తట్టలూ పద్ధతిగా ఆరబెడుతుంది. ఒక్క తట్ట మాత్రం కావాలని రెండు చేతులతో కలియబెడుతుంది. మా అన్నయ్య మొదట్లో తల బాదుకున్నాడు. మంచి ఆకు ఎందుకు పాడుచేస్తావే అంటే, 'పాడు కాదు, అది మా చెల్లి చెయ్యి' అంటుంది. ఆ తట్ట అమ్మదు. ఎవర్నీ ముట్టుకోనివ్వదు. చలికాలం ఒక్కర్తీ కూర్చుని కాచుకుంటుంది."

నేను ఆ పాత కాగితం మడతలు సాపు చేశాను.

మీకు చెప్పలేదు కదా, ఆ పదమూడేళ్లూ నన్ను తినేసింది ఏంటంటే, అక్కకి తెలుసా తెలీదా అని. కిటికీ రెక్క ఒకటి సరిగా వెయ్యలేదేమో, తప్పు తనదేనేమో అనుకుని "నేనే" అందా? లేక తెలిసే అందా? తెలీకపోతే నేను దొంగని. తెలిసుంటే ఇంకా పెద్ద దొంగని. ఏది కావాలని కోరుకోవాలో కూడా తెలిసేది కాదు.

"తెలుసన్నమాట" అన్నాను.

"నీ అరచేతుల నిండా తెల్లనూగు ఉందట ఆ రోజు. చేతులు వెనక్కి పెట్టుకున్నావట. దాచుకోడం కూడా చేతకాని పిల్లది, అందుకే నేననేశాను అంటుంది."

అప్పుడు ఏడ్చాను. సంచీ ఆవిడ ఓదార్చలేదు. గిన్నెలో మిగిలింది తన కప్పులో వంపుకుంది.

"ఎలా ఉంది?" అన్నాను కాసేపటికి.

"ఇద్దరు పిల్లలు. చిన్నదానికి నీ నోరే వచ్చిందంటుంది, నాకది దిగులు. మా అన్నయ్య మంచోడే, పనిమంతుడు కాదు గానీ. మా కొండ మీంచి అమ్ముడయ్యే ఆకులో సగం వదిన ఆరబెట్టిందే. అంతా బానే ఉంది. ఒక్కటే." ఆవిడ తన చెవి మీద చెయ్యి పెట్టుకుంది. "ఉన్న ఆ సగం చెవీ పోతోంది. ఈ ఏడాది దాటదన్నాడు డాక్టరు. మొన్న రాత్రి భోజనాల దగ్గర అంది, పూర్తిగా పోయేలోపు మా నాన్న గొంతు ఒక్కసారి వినాలని ఉందని. అందుకొచ్చాం."

"వచ్చాం అంటే?"

సంచీ ఆవిడ గడ్డంతో వీధి వైపు చూపించింది.

మా కొట్టుకి ఎదురుగా గడియారాలు బాగుచేసే కొట్టు. ఆ గడియారాలాయనే తర్వాత మీ తాతయ్య అయ్యాడు, అది వేరే వారం మాట. ఆ కొట్టు ముందు బెంచీ మీద ఒకావిడ మాకు వీపు పెట్టి కూర్చుని ఉంది. జుట్టులో సగం తెలుపు. తల ఒక పక్కకి వాల్చి, కుడి చెవి మా కొట్టు వైపు తిప్పి పెట్టింది.

ఇరవై అడుగులు ఉంటుందేమో. నేను గుమ్మం దాకా వెళ్లిపోయాను. సంచీ ఆవిడ వచ్చి నా జబ్బ పట్టుకుంది.

"నువ్వు వెళ్తే లేచి వెళ్లిపోతుంది. ముందే చెప్పింది. చెల్లి ఎదురొస్తే ఏడుపే వస్తుంది గానీ పని జరగదు అంది. నాన్న కాదన్న గదికి నాన్నే పిలవాలి. ఇదిగో, పైన వీధిలోంచి మూసి కనిపిస్తోందే, ఆ కిటికీ తెరిచి పిలవాలి. తెరిస్తే వస్తుంది. లేకపోతే నాలుగు గంటల బస్సు. మళ్లీ రాదు, నాకు తెలుసు దాని సంగతి."

"ఆయన పిలవడండీ. ఇంట్లో దాని ఊసెత్తనివ్వడు."

"ఎందుకు ఎత్తనివ్వడు?"

"తప్పు చేసిందని."

"ఎవరు చేశారు?"

దానికి నా దగ్గర జవాబు ఉంది. పదమూడేళ్లుగా ఉంది.

గడియారాల కొట్లో మూడున్నర కొట్టింది ఒకటి. అక్కడ నలభై గడియారాలు, ఒకదానితో ఒకదానికి పొత్తు లేదు.

అక్క వీపు వంక చూస్తూ నిలబడ్డాను. ఎంత సన్నబడిందో. మెడ దగ్గర ఆ వంపు మాత్రం అదే, తట్టల మీదికి వంగీ వంగీ వచ్చింది. పిలిస్తే వినపడదు. వినపడితే వెళ్లిపోతుంది. మొదటి పొట్లంలో మిగిలిన వెండి మొగ్గ గ్లాసులో వేసి పెట్టాను. కెటిల్లో కొత్త నీళ్లు నింపి సన్న సెగ మీద పెట్టాను. ఇది దోమ పాట అందుకునేలోపు అక్క ఇంట్లో ఉండాలి అని నాకు నేనే అనుకున్నాను. ముదురాకు టీ ఇంకో కప్పు పోసుకుని మెట్లెక్కాను.

"అలా అయితే మీరు నాకూ వదినే కదండీ" అన్నాను సగం మెట్ల మీద నుంచి.

"వరసలు తర్వాత కలుపుకుందాం, ముందు పైకి పో. నేను ఆ బస్సు సంగతి చూస్తా."

నాన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు. మోకాళ్లు పట్టేశాయి గానీ నాలుక మాత్రం పాతికేళ్ల వాడిది. కప్పు అందుకుని ముందు రంగు చూశాడు. వాసన చూశాడు. చప్పుడు చేస్తూ ఒక గుక్క పీల్చాడు, రుచి చూసేవాళ్లు పీల్చినట్టు. చాలాసేపు మింగలేదు.

"ఎక్కడిది?"

"ఎలా ఉంది నాన్నా?"

"ఆరబెట్టిన చెయ్యి మంచిది. గాలి తెలిసిన చెయ్యి. మరి అలాంటి మనిషి ఎందుకు కలియబెట్టింది దీన్ని? ఒకే మనిషి చేసినట్టు లేదు. ఇద్దరున్నారు ఇందులో."

"ఇద్దరే నాన్నా. ఆరబెట్టింది అక్క. ఆ కలియబెట్టిన చెయ్యి నాది."

నాన్న కప్పు పక్కన పెట్టబోయాడు. నేను ఆగలేదు. ఆగితే ఇంకో పదమూడేళ్లు ఆగిపోతాను.

"ఇప్పటి మాట కాదు. ఆ ఏడాది పన్నెండు తట్టలూ కలియబెట్టింది నేను. అక్క నిద్రపోతోంది. సాయం చేద్దామని చేశాను. నువ్వడిగినప్పుడు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను. అక్క నా చేతులు చూసి, నేనే అంది."

కింద నుంచి ఇంకా ఏ చప్పుడూ లేదు. కెటిల్ మౌనంగా ఉంది.

"చేతులు చూపించు" అన్నాడు నాన్న.

చూపించాను. ఆయన నా రెండు అరచేతులూ పట్టుకుని వెలుగులోకి తిప్పాడు. పదమూడేళ్ల నాటి నూగు ఇంకా అక్కడే ఉందన్నట్టు వేలితో తుడిచాడు.

"ఆ రోజు ఆకు చూశాను" అన్నాడు. "తట్ట తట్టా చూశాను. మొగ్గ మొగ్గా తీసి చూశాను. ఎవరి చేతులూ చూడలేదే చిన్నదీ." నా చేతులు వదిలేశాడు. "నువ్వైనా చెప్పాల్సింది."

"చెప్పాల్సింది."

"ఎందుకు చెప్పలేదు?"

"నన్నూ పొమ్మంటావని."

నాన్న తలెత్తి నా వంక చూశాడు. ఆయన మొహంలో కోపం వెతికాను. ఉంటే నాకు తేలికగా ఉండేది.

"అంటానా?" అన్నాడు. నన్ను అడిగినట్టు లేదు. "ఏమో. అప్పుడు అనేవాణ్నేమో."

"నాన్నా, అక్క వచ్చింది. ఎదురు బెంచీ మీద కూర్చుంది. ఉన్న చెవీ పోతోందట. నీ గొంతు వినాలని వచ్చింది. కిటికీ తెరిచి నువ్వు పిలిస్తే వస్తుంది, లేకపోతే నాలుగు గంటల బస్సుకి వెళ్లిపోతుంది."

ఆయన మంచం పట్టె పట్టుకుని లేచాడు. చెయ్యి ఇవ్వబోతే తోసేశాడు. గోడ పట్టుకుంటూ ఆరబెట్టే గదిలోకి నడిచాడు. ఆ గది తలుపు ఎవరైనా తియ్యడం నేను చూడ్డం పదమూడేళ్లలో అదే మొదటిసారి. తట్టలు బోర్లించి గోడ పక్కన పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. చీకటిలో ఎండిన గడ్డి వాసన, ఎవరూ తీసుకెళ్లని వాసన.

"సుత్తి" అన్నాడు.

టీ పెట్టెలు తెరిచే సుత్తి ఉంది, వెనక చీలిక ఉన్నది. తెచ్చి ఇచ్చాను. ఆయన కొట్టిన మేకులు అయిదు. మొదటిది కీచుమంటూ వచ్చింది. రెండోది వచ్చింది. మూడోది తుప్పు పట్టి తల ఊడిపోయింది.

"నేను పీకుతాను నాన్నా."

"కొట్టింది నేను" అన్నాడు.

ఎదురు కొట్లో నాలుగు కొట్టడం మొదలైంది. ముందు ఒక గడియారం, అది ముగియకుండానే ఇంకోటి, ఆ తర్వాత మూలనుంచి బొంగురుది. ఏది నిజమైన నాలుగో ఎవరికి తెలుసు. వీధి చివర బస్సు మాత్రం వాటిలో ఏ ఒక్కదాని మాటా వినదు. దాని హారన్ వినపడింది. నాలుగో మేకు వచ్చింది. అయిదోది సగం వచ్చి ఆగిపోయింది. నాన్న సుత్తి కింద పడేసి, ఆ కిటికీ రెక్కని భుజంతో తోశాడు. డెబ్బై దాటిన మనిషి. చెక్క పగిలింది, మేకు అక్కడే ఉండిపోయింది, రెక్క ఊడి బయటికి తెరుచుకుంది. వెలుగు తట్టల మీద పడింది.

"పెద్దదీ" అని పిలిచాడు.

ఆ గొంతు నేను మర్చిపోయాను. రుచి చూసే గొంతు కాదు, బేరాల గొంతు కాదు. చిన్నప్పుడు మేమిద్దరం వీధిలో ఆడుకుంటుంటే, చీకటి పడబోతోంది రమ్మని పిలిచే గొంతు.

"పెద్దదీ, రావే ఇంట్లోకి."

నేను ఆయన భుజం మీదుగా కిందికి చూశాను. బెంచీ మీద ఎవరూ లేరు.

వీధి చివర బస్సు ఆగి ఉంది. సంచీ ఆవిడ దాని ముందు చేతులు చాపి నిలబడి, డ్రైవరుతో వాదిస్తోంది. ఒక్కతే ఉంది. బస్సు కిటికీల్లో మొహాలు చూశాను, ఒక్కొక్కటీ చూశాను. గడియారాలాయన కొట్టు గుమ్మంలోకి వచ్చి నిలబడి, మా కిటికీ వంక నోరు తెరిచి చూస్తున్నాడు. సగం తెల్లబడ్డ ఆ జుట్టు, వంగిన ఆ మెడ ఎక్కడా లేవు.

"ఏది?" అన్నాడు నాన్న. "ఎక్కడ కూర్చుందన్నావు? ఏదీ?"

నేనేం చెప్పను? పిలుపు వినపడలేదేమో. వినపడే చెవి ఈ ఉదయమే పోయిందేమో. మేకుల చప్పుడు విని, అది మళ్లీ కొడుతున్న చప్పుడనుకుందేమో. నాన్న కిటికీ చట్రం పట్టుకుని మళ్లీ పిలిచాడు.

అప్పుడు కింద నుంచి వినపడింది. కెటిల్. సన్నగా, దోమలా, పాట అందుకుంది.

నేను పెట్టుకున్న గడువు అదే కదా. ఇంక అది తుమ్మెద అవుతుంది, తర్వాత వాన అవుతుంది, గ్లాసులో మొగ్గ అలాగే ఉండిపోతుంది. దించేవాళ్లు ఎవరూ లేరు కింద. నాన్నా నేనూ ఇద్దరం పైనే ఉన్నాం, సంచీ ఆవిడ బస్సు ముందుంది.

దోమ రెండు ఊపిర్ల సేపు పాడింది.

ఆగిపోయింది.

తుమ్మెద కాలేదు. మధ్యలో ఎవరో చేత్తో తీసేసినట్టు ఆగిపోయింది. తర్వాత గాజు మీద నీళ్లు పడుతున్న చప్పుడు. మొగ్గ మీద కాదు, గ్లాసు గోడ వెంబడి, నిదానంగా.

నాన్న నా వైపు తిరిగాడు.

"దోమ దగ్గరే దించారు" అన్నాడు.

నేను మెట్ల వైపు నడిచాను. మొదటి మెట్టు మీద కాలు పెట్టాను.

ఇదిగో, నన్ను ఆ మెట్టు మీదే ఉండనివ్వండి ఈ వారానికి. పదమూడేళ్లు ఎదురుచూసినదాన్ని, ఏడు రోజులు నిలబడలేనా? మీరు మాత్రం ఒక్క పని చెయ్యండి. ఈ మాట మీతోనే ఉంచుకోకండి. ఇంట్లో పొయ్యి మీద నీళ్లు పెట్టినప్పుడు, పక్కన ఎవరున్నా సరే, వాళ్లకి చెప్పండి, ఇద్దరు అక్కచెల్లెళ్లు ఉండేవాళ్లని, ఒకతి నీళ్లని చెవితో కొలిచేదని, ఒకతి చేత్తో కొలిచేదని. చెప్పి, కెటిల్ పాట ఆగిన చోట మీరూ ఆపండి. ఆ కాసేపు మౌనంగా ఉంటే, వాళ్లకీ వినపడుతుంది.